అపాయకరములైన వృత్తులు - వానిని నిర్ణయించు విధము

లోకమున మిక్కిలి అపాయకరమైన వృత్తి యేది యని ఏ తరగతిలో అడిగినను, బాలబాలికలు సైనికుని పేరో, అగ్నిమాపకదళమువాని పేరో, విమానచోదకుని పేరో వెంటనే చెప్పుదురు. ఆ సమాధానములు సహజములే. అపాయమనగానే తుపాకియు, మంటయు, ఆకాశమును మన కన్నులకు కట్టును. కాని లెక్కలు కట్టి చూచినచో ఆ పట్టికలో ముందుండు వృత్తులు తరచుగా వేఱుగా నుండును. వానిలో కొన్నింటిని మన భాష మాటలాడువారే, మన పరిసరములందే, ప్రతిదినము చేయుచున్నారు. కావున ఈ విషయమును మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియజేయుట యుక్తమని తలంచితిమి.

మొదట లెక్క సంగతి. ఒక వృత్తిలో ఎందఱు మరణించిరో ఎంచినంత మాత్రమున దాని అపాయము తెలియదు. ఉదాహరణకు ఒక గ్రామమున 1,000 మంది సేద్యగాండ్రును, 20 మంది గీతగాండ్రును కల రనుకొందము. ఒక సంవత్సరమున పొలము పనిలో ఇద్దఱును, తాడిచెట్టుమీదినుండి పడి ఒకడును మరణించిరి. మరణముల సంఖ్యనుబట్టి చూచినచో సేద్యమే ఎక్కువ అపాయకరము. కాని వేయిమందికి ఎందఱని చూచినచో సేద్యమున 2, గీతపనిలో 50. అనగా గీతవృత్తి యిరువదియైదు రెట్లు అపాయకరము. ఈ కారణముచేతనే లక్షమంది పనివారిలో ఏటికి ఎందఱు మరణించిరను నిష్పత్తిని పలు దేశములవారు వాడుచున్నారు. ఒక్క యేటి లెక్కయు చాలదు. పనివారు కొలదిమందియే యున్నచోట ఒక్క మరణము నిష్పత్తిని ఆకాశమున కెత్తును. మఱుసటి యేడు మరణమే లేకున్న అది సున్నయగును. కావున పలు సంవత్సరముల సగటును చూడవలెను.

అమెరికా దేశపు కార్మిక గణాంక శాఖ ఇట్టి లెక్కలను 1992 నుండి ఏటేట ప్రకటించుచున్నది. 2022 లెక్కలలో లారీలు మున్నగు సరకు బండ్లు నడపువారు 1,100 మందికి పైగా మరణించిరి. అడవిలో చెట్లు నఱకువారు ఏబదిమందికి కొంచెము పైగా మాత్రమే మరణించిరి. ఐనను లక్షకు ఇందఱని చూచినచో బండ్లు నడపువారిలో సుమారు 30, చెట్లు నఱకువారిలో సుమారు 100. ఆ దేశపు పనివారందఱికిని కలిపిన సగటు 4 కంటె తక్కువ. చేపలు పట్టువారును, ఇండ్ల పైకప్పులు వేయువారును సైతము ఆ పట్టికలో పై వరుసలోనే యుందురు.

ఇందు మఱియొక చిక్కు కలదు. ఒకడు సంవత్సరమంతయు పనిచేయును. మఱియొకడు నాలుగు మాసములే చేయును. ఇద్దఱిని సమానముగా లెక్కించుట న్యాయము కాదు. కావున మనుష్యులకు బదులు పనిగంటలను లెక్కింతురు. మన దేశపు ప్రమాణమునందు పది లక్షల పనిగంటలకు ఎన్ని ప్రమాదములు జరిగినవో అది యొక కొలత. ఆ ప్రమాదములవలన ఎన్ని పనిదినములు నష్టమైనవో అది రెండవ కొలత. ఒక మరణమునకు 6,000 పనిదినములు నష్టమైనట్లు వ్రాసికొందురు. ఏటికి 300 దినముల చొప్పున అవి యిరువది సంవత్సరముల పనికి సమానము. ఇది కార్ఖానా లెక్క. తండ్రిని పోగొట్టుకొనిన బిడ్డ యింటిలోని లెక్క వేఱని చెప్ప నక్కఱలేదు.

కొలత మారినచో ఫలితమును మారును. బొగ్గుగనులలో వేయిమంది పనివారికి ఇన్ని మరణములని ఒక లెక్కయు, పది లక్షల టన్నుల బొగ్గునకు ఇన్ని మరణములని మఱియొక లెక్కయు కలవు. పెద్ద యంత్రములు వచ్చి కొలదిమందియే విస్తారముగా బొగ్గు త్రవ్వినప్పుడు, పనివాని క్షేమము పెరుగకున్నను రెండవ లెక్క తగ్గును. కావున ఎవరైనను 'అపాయము తగ్గిన'దని చెప్పినప్పుడు, దేనితో భాగించి చెప్పుచున్నా రని అడుగుట విద్యావంతుని లక్షణము.

మనకు సమీపముననే గల కోలారు బంగారు గనులు ఈ విషయమున గొప్ప పాఠము. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఆధునిక పద్ధతులతో ప్రారంభించిన ఈ గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడినవి. తమిళులతోపాటు తెలుగువారును తరతరములుగా వానిలో పనిచేసిరి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు దిగి, ప్రపంచపు అత్యంత గంభీరములైన గనులలో ఒకటిగా పేరొందెను. అంత లోతున రాయియే 60 డిగ్రీలకు మించి వేడెక్కియుండును. పైనున్న కొండంత బరువునకు లోపలి రాయి తట్టుకొనలేక తనంతట తానే పగిలి, ఫిరంగి గుండువలె లోనికి ఎగిరిపడును. దీనినే రాక్‌బర్స్టు అందురు. ఎప్పుడు, ఎచ్చట జరుగునో ముందుగా తెలియని ఈ విపత్తు అనేకుల ప్రాణములను గొనెను.

ఐనను ఆ గనులలోని ఘోరమైన శత్రువు పెద్ద చప్పుడు చేయునది కాదు. రాతిని తొలుచునప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి, ఏండ్లు గడచిన పిమ్మట మనిషిని ఊపిరాడనీయక కృశింపజేయును. ఈ వ్యాధిని సిలికోసిస్ అందురు. కోలారు పనివారిలో ఇది యున్నదని 1940ల దశకముననే వైద్యులు తెలిపిరి. మధ్యప్రదేశమునందలి మందసౌరులో పలక బలపములను కోయు పనివారును దీనికి లోనైరి. మన పూర్వతరముల పిల్లలు అక్షరములు దిద్దుకొనిన బలపము వెనుక ఇట్టి కథ కలదు. ఈ రోగి గనిలో చావడు. పని మానిన పిదప ఇంటిలో మంచముమీద చచ్చును. అందుచే ప్రమాదముల పుస్తకమున అతని పేరుండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము పనివలన ఏటేట సుమారు 30 లక్షలమంది మరణించుచున్నారు. వారిలో ప్రమాదములవలన మరణించువారు సుమారు 3 లక్షల 30 వేలు. తక్కినవారందఱును పనివలన కలిగిన వ్యాధులచే పోవువారే. కావున ప్రమాదములను మాత్రమే లెక్కించు పట్టిక సత్యములో చిన్న భాగమునే చూపును.

మఱికొందఱు అసలే లెక్కకు రారు. కార్ఖానాకు పనివారి పట్టీ యుండును. తాడిచెట్టునకు పట్టీ యెక్కడిది? మోకు ఆధారముగా ప్రతిదినము పలు చెట్లెక్కు గీతగాడు తనకు తానే యజమాని, తానే కూలి. తెలంగాణ ప్రభుత్వము 2024లో 'కాటమయ్య రక్షణ కవచము' అను పేరుతో, జారినను క్రింద పడకుండ పట్టియుంచు సామగ్రిని గీతకార్మికులకు పంచుట ప్రారంభించినది. తరతరముల వృత్తికి ఇంత చిన్న సాధనము ఇంత ఆలస్యముగా వచ్చుటకు, ఆ మరణములు ఏ పట్టికయందును సరిగా చేరకుండుటయు ఒక కారణమని మా యభిప్రాయము. లెక్కింపబడని చావునకు చికిత్స యాలోచించువారు అరుదు.

ఇక మన బెళ్ళందూరునకు వత్తము. నగరపు మురుగులో పెద్ద భాగము ఏండ్ల తరబడి మన చెఱువునకే చేరుటయు, నురుగు వీధులలోనికి ఎగిరివచ్చుటయు, 2018 జనవరిలో మంటలు లేచినప్పుడు వేలమంది సైనికులు వచ్చి ఆర్పుటయు లోకమెఱిగినదే. చెఱువునందు మురుగు అందఱికిని కనబడును. భూమిక్రింద గొట్టములలోను, పెద్ద భవనముల గుంటలలోను గల మురుగు ఎవరికిని కనబడదు. దానిలో పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువు మొదట కుళ్ళిన గ్రుడ్డువలె కంపుకొట్టును. అది హెచ్చినకొలది ముక్కు వాసన పట్టు శక్తిని కోల్పోవును. కంపు పోయినదిగదా, అపాయమును పోయినదని దిగినవాడు తలచును. కొన్ని ఊపిరులలోనే కూలిపోవును. వానిని తీయబోయి రెండవవాడును, వారిని తీయబోయి మూడవవాడును మరణించుట ఈ పనిలో పలుమారు జరిగిన విషాదము. 2015 నవంబరులో కేరళమునందలి కోళిక్కోడులో ఆంధ్రప్రదేశమునుండి వలసవెళ్ళిన ఇద్దఱు పనివారు మురుగుగుంటలో పడిపోగా, వారెవరో యెఱుగని ఒక స్థానిక ఆటో డ్రైవరు రక్షింప దిగెను. ముగ్గురును మరణించిరి.

ఈ నగరపు పారిశుద్ధ్య పనివారిలో అనేకులు తెలుగు మాటలాడువారే. వారిలో అధికులు దళిత కుటుంబములవారు. కులమే ఈ పనిని తండ్రినుండి కొడుకునకు అప్పగించుచు వచ్చినది. కోలారు గనుల పట్టణమున ఇట్టి కుటుంబముననే జన్మించిన బెజవాడ విల్సన్ ఈ దురాచారమును తుదముట్టించుటకు సఫాయి కర్మచారి ఆందోళనమును నడపి, 2016లో రామన్ మెగసెసే పురస్కారమును పొందిరి. తగిన రక్షణ లేక మనుష్యులను మురుగుగుంటలలో దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఇట్టి మరణమునకు పది లక్షల రూపాయల పరిహారమీయవలెనని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించెను. 2023లో ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచెను.

ఈ యుదాహరణములను కలిపి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. మూడు కిలోమీటర్ల లోతున రాయి ఎప్పుడు పగులునో ఎవ్వరును కచ్చితముగా చెప్పలేకపోయిరి. అది ప్రకృతివలన కలిగిన అపాయము. మురుగుగుంట అట్టిది కాదు. దానిని యంత్రముతో శుభ్రపఱుపవచ్చును. మనిషి దిగవలసిన పనియే లేదు. ఎత్తైన కట్టడముపై రక్షణ పట్టీయు, తలకు హెల్మెట్టును, క్రింద వలయు ఉన్నచో పడినవాడును బ్రతుకవచ్చును. కావున ఏ వృత్తి అపాయకర మను ప్రశ్న వెంట, ఆ అపాయములో ఎంత భాగము తప్పింపదగినదను ప్రశ్నయు వేయవలెను. తప్పింపదగియు తప్పింపని అపాయమే అన్నింటికంటె నింద్యము.

మన విద్యార్థులలో పలువురి తండ్రులు కట్టడముల పనులకై పాలమూరునుండియు, రాయలసీమనుండియు వచ్చినవారు. పని చేయుచోట హెచ్చరిక పలకలు సాధారణముగా కన్నడమునను ఇంగ్లీషునను ఉండును. తండ్రి చదువలేని ఆ పలకను మన పాఠశాలలో కన్నడము నేర్చిన బిడ్డ చదువగలదు. ఏడాదిలో 90 దినములు కట్టడపు పని చేసినవారు కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనవచ్చును. ప్రమాదము జరిగినప్పుడు ఆ కుటుంబమునకు సహాయము అందుటకు ఆ నమోదే ఆధారము. ఆ దరఖాస్తును పూర్తిచేయుటలో పెద్ద తరగతుల విద్యార్థులు తమ యింటివారికిని, ఇరుగుపొరుగువారికిని తోడ్పడవలెనని కోరుచున్నాము.

మఱియొక మాటను ప్రతి బిడ్డయు ఇంటిలో చెప్పవలెను. గుంటలో ఎవరైనను పడిపోయినచో, వారు ఎంత కావలసినవారైనను, వెంట దిగరాదు. 112కు ఫోను చేసి, శ్వాససాధనములు గల అగ్నిమాపకదళమును పిలువవలెను. అట్లు ఆగుట పిఱికితనము కాదు. ఒక మరణము మూడు మరణములు కాకుండ చేయు వివేకము.