మంచు తొలగింపు ఒప్పందాలలో ధరల పద్ధతులు

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగంలోను, కెనడాలోను దుకాణ సముదాయాలు, ఆసుపత్రులు, కార్యాలయాల ఆవరణలలో పడే మంచును తొలగించే పనిని శీతాకాలం రాకమునుపే గుత్తేదారులకు అప్పగిస్తారు. ఆ పనికి సొమ్ము ఏ లెక్కన చెల్లించాలన్నది ఒప్పందంలో ముఖ్యాంశం. ఎంత మంచు పడేదీ ముందుగా ఎవరికీ తెలియదు. కనుక ధర పద్ధతిని ఎంచుకోవడమంటే, వాతావరణం వలన కలిగే నష్టాన్ని ఎవరు భరించాలో నిర్ణయించుకోవడమే.

పనిని బట్టి చెల్లింపు

వీటిలో ప్రసిద్ధమైనది "పుష్" లెక్క. పలక బిగించిన ట్రక్కు ఆవరణలోని మంచును ఒకసారి నెట్టివేస్తే ఒక పుష్ అవుతుంది. అంగుళాల లెక్కలో 1 నుండి 3 అంగుళాల వరకు ఒక ధర, 3 నుండి 6 వరకు మరొక ధర అన్నట్లుగా అంతరాలు ఉంటాయి. మంచును లారీలకెత్తి తరలించవలసి వచ్చినపుడు గంటల లెక్క అనుకూలం. అయితే నిదానంగా పనిచేసేవానికే ఎక్కువ ముట్టడం దీనిలోని లోపం.

గుత్త పద్ధతి

మంచు ఎంత పడినా, అసలు పడకపోయినా, శీతాకాలమంతటికీ ఒకే మొత్తం చెల్లించడం గుత్త పద్ధతి. ఉదాహరణకు పుష్‌కు 500 డాలర్లు, గుత్తకు 9,000 డాలర్లు అనుకుంటే, 18 పుష్‌లు దాటిన తరువాతనే గుత్త యజమానికి లాభం.

బోస్టన్ నగరంలో 2011-12 శీతాకాలంలో 9.3 అంగుళాల మంచు మాత్రమే పడగా, 2014-15లో 110.6 అంగుళాలు పడింది. మొదటి ఏడు గుత్తకిచ్చిన యజమాని దాదాపు జరగని పనికి సొమ్ము చెల్లించినట్లే. రెండవసారి ఆ నష్టం గుత్తేదారునిది. అతడు నడిమధ్యలో చేతులెత్తేస్తే చౌక గుత్త వలన యజమానికి ఒరిగేదేమీ ఉండదు. అందుచేత ఇన్ని అంగుళాలు దాటితే అదనపు చెల్లింపు, ఇన్నింటికి తగ్గితే కొంత వాపసు అని హద్దులు పెట్టుకోవడం, లేదా మూడేళ్ళకు కలిపి ఒప్పందం చేసుకోవడం మేలైన మార్గం.

బాధ్యత

ఎన్ని అంగుళాలు పేరుకుంటే ట్రక్కు బయలుదేరాలన్నది కూడా ధరతో సమానమైన విషయం. ఆ హద్దు 2 అంగుళాలైతే, ఒకటిన్నర అంగుళం మంచు పడి గడ్డకట్టినా ఎవరూ రారు. సహజంగా పేరుకున్న మంచుపై జారిపడినవారికి యజమాని బాధ్యుడు కాడన్న పాత నియమాన్ని మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2010లో తొలగించింది. ఆసుపత్రి వంటి చోట యజమాని పిలిస్తేనే వచ్చే పుష్ ఒప్పందం ప్రమాదకరం, ఎందుకంటే ఖర్చుకు వెరచి పిలుపు ఆలస్యం కావచ్చు.

ఉప్పు చల్లడం

మంచు కరగడానికి చల్లే ఉప్పుకు సాధారణంగా వేరే ధర ఉంటుంది. చల్లిన ప్రతిసారీ సొమ్ము వస్తే అవసరానికి మించి చల్లడం, గుత్తలో కలిపితే పొదుపు చేయడం సహజం. సుమారు -9° సెల్సియస్‌కు దిగువన మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు. ఎక్కువైన ఉప్పు వాగులలో, బావులలో చేరుతుంది. దావాల భయంతో గుత్తేదారులు అతిగా చల్లుతున్నారని, శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకున్నవారికి అటువంటి దావాల నుండి కొంత రక్షణ కల్పిస్తూ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 2013లో చట్టం చేసింది.