నురగ చూసి మురిసిపోకండి!

ఆదివారం సాయంత్రం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగితే చాలు... జనమే జనం! హాస్టల్‌ అమ్మాయిలు, చైతన్యపురి నుంచి పిల్లల్ని వెంటేసుకొచ్చిన అమ్మానాన్నలు, ఎల్బీనగర్‌ బస్సు కోసం నిలబడ్డవాళ్లు. దారి పొడవునా దుకాణాలు. కాటుకలు, లిప్‌స్టిక్కులు, ముఖాన్ని తెల్లగా చేస్తాయనే క్రీములు. ఓ పక్కన సగం ధరకే లీటరు షాంపూ. ‘చిక్కగా ఉందమ్మా, నురగ బాగా వస్తుంది. తీసుకోండి’ అంటాడు అమ్మే అతను. చిక్కదనం, నురగ... షాంపూ మంచిదో కాదో తేల్చడానికి చాలామంది చూసేది ఈ రెండే. తమాషా ఏమిటంటే, నాణ్యత గురించి ఈ రెండూ చెప్పేది దాదాపు ఏమీ లేదు!

పెళ్లిళ్ల పేరయ్య

నూనె, నీరు కలవవు. తలకు పట్టిన జిడ్డు వట్టి నీళ్లతో పోనిది అందుకే. ఆ రెంటికీ సంబంధం కుదిర్చే పేరయ్య ఒకడు కావాలి. ఆ పని చేసే పదార్థాలే సర్ఫాక్టెంట్లు. వాటి అణువుకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, రెండో కొస నూనెను. నూనె కొసలన్నీ జిడ్డును చుట్టుముట్టి పట్టుకుంటే, నీటి కొసలు దాన్ని నీళ్లలోకి లాక్కుపోతాయి.

ఇది మనకు కొత్తేం కాదు. భోగినాడు అమ్మమ్మ నలగ్గొట్టి నానబెట్టే కుంకుడుకాయల్లోని సపోనిన్లు చేసేదీ ఇదే పని. మన్యంలో గిరిజనులు ఏరే కుంకుడుకాయల్ని కొనడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఉంది. అయితే ఆ రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో పండగ స్నానం చేసిన ప్రతి పిల్లాడికీ తెలుసు. సహజమైనదల్లా సున్నితమైనది కాదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

సబ్బుదీ ఇదే సూత్రం. కానీ దానికి ఉప్పదనమున్న బోరు నీళ్లంటే పడదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెట్టులా మారుతుంది. బోరు మీద ఆధారపడే కాలనీల్లో బకెట్ల అంచున పేరుకునే తెల్లటి మరక అదే. పైగా సబ్బుది క్షార గుణం. పీహెచ్‌ 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన చర్మానిదేమో కాస్త ఆమ్ల గుణం, ఐదు చుట్టుపక్కల. అందుకే ఎక్కువగా రుద్దితే చర్మం బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

ఘాటు తగ్గుతూ వచ్చింది

ఈ ఇబ్బంది లేకుండా అమెరికాలో ప్రాక్టర్‌ అండ్‌ గ్యాంబుల్‌ సంస్థ 1934లో ‘డ్రీన్‌’ అనే సబ్బు లేని షాంపూ తెచ్చింది. మన దగ్గర షాంపూను సామాన్యుడి చేతికి అందించింది చిన్న ప్యాకెట్టు. తమిళనాడులోని కడలూరు నుంచి సి.కె.రంగనాథన్‌ 1983లో మొదలుపెట్టిన ‘చిక్‌’ లాంటివి తెలుగు పల్లెల కిరాణా కొట్లలోనూ వేలాడాయి.

షాంపూల్లో మొదట్లో వాడిన సోడియం లారిల్‌ సల్ఫేట్‌ జిడ్డును బాగా వదిలిస్తుంది, చర్మాన్ని చురుక్కుమనిపిస్తుంది కూడా. దాన్ని మార్చి లారెత్‌ సల్ఫేట్‌ చేశారు. దానికి కొబ్బరినూనె నుంచి వచ్చే కోకమిడోప్రొపైల్‌ బీటైన్‌ జోడిస్తే ఘాటు ఇంకా తగ్గింది. ఇప్పుడు చక్కెర, నూనెల నుంచి తీసే పాలీగ్లూకోసైడ్లు వచ్చాయి. చర్మానికి మృదువు, మురుక్కాల్వలో పడితే త్వరగా విరిగిపోతాయి. 1944లో హైదరాబాద్‌లో మొదలై నేడు తార్నాకలో ఉన్న ఐఐసీటీలోనూ నూనెల నుంచి ఇలాంటి పదార్థాలు తయారుచేసే పరిశోధనలు జరిగాయి.

ఇక చిక్కదనం రహస్యం... ఉప్పు! లారెత్‌ సల్ఫేట్‌ ద్రావణంలో మామూలు ఉప్పు తగు మోతాదులో కలిపితే అదే చిక్కబడుతుంది. మంచి కంపెనీలూ కలుపుతాయి, దొంగ సరుకు చేసేవాళ్లూ కలుపుతారు. అందుకే సీసా ఊపి చూసి కొంటే తేడా తెలియదు.

చట్టం ఏమంటుంది?

మందులకు 1940లో వచ్చిన చట్టం, 1962 సవరణతో సౌందర్య సాధనాలకూ వర్తించింది. 2020 డిసెంబరులో వీటికి ప్రత్యేక నియమాలు వచ్చాయి. లైసెన్సు లేకుండా ఎవరూ తయారు చేయకూడదు. తయారీ గది గోడలు ఆరడుగుల ఎత్తు వరకు నునుపుగా, నీరు ఇంకకుండా ఉండాలన్నది కూడా నియమమే. నీళ్లున్న చోట సూక్ష్మజీవులు చేరతాయి కదా! రంగుల్లో సీసం 20 పీపీఎం, ఆర్సెనిక్‌ 2 పీపీఎం దాటకూడదు. నకిలీ సరుకు చేసినా, అమ్మినా మూడేళ్ల దాకా జైలు, కనీసం 50 వేల రూపాయల జరిమానా.

ఇంత కట్టడి ఎందుకంటే... కేరళలోని కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన 22 మంది కిడ్నీ రోగులను పరిశీలించారు. వారిలో 15 మందికి ఒకే రకం జబ్బు. అందులో 13 మంది చర్మం తెల్లబడటానికి క్రీములు రాసుకున్నవాళ్లే! పాదరసం చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను అడ్డుకుంటుంది. అదే చర్మం గుండా లోపలికి వెళ్లి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మన నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదు. పొరపాటున వచ్చినా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు.

సీసా వెనక్కి తిప్పండి

* తయారీదారు పూర్తి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్‌ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? ఒక్కటి లేకపోయినా అక్కడే పెట్టేయండి.

* విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్‌ నంబరు ఉండాలి.

* పదార్థాల జాబితాలో ఎక్కువగా ఉన్నది ముందు వస్తుంది. ఒక శాతం లోపు ఉన్నవి చివర్లో ఉంటాయి. ముందువైపు బొమ్మ వేసిన కలబంద వెనకాల చివర్లో ఉందేమో చూడండి!

* స్నానపు సబ్బు మీద టీఎఫ్‌ఎం చూడండి. 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు.

* ‘వారంలో తెల్లదనం’ అన్నా, క్రీము మీద ఏ వివరాలూ లేకపోయినా దూరంగా ఉండండి.

* కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. దద్దుర్లు, మంట వస్తే ఆపి డాక్టరును కలవండి. సీసా, బిల్లు దాచండి.

* అనుమానం వస్తే రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు.

సరూర్‌నగర్‌ రైతుబజారులో బెండకాయ కొస విరిచి చూస్తాం. వంకాయను అటూ ఇటూ తిప్పి పుచ్చు లేదని తేలాకే సంచిలో వేస్తాం. పావు కిలో కూరకే అంత చూసేవాళ్లం... పసిపిల్లల తలకు రాసే షాంపూకు అర నిమిషం ఇవ్వలేమా!