తాత్కాలిక సలహాదారుడు - స్వప్రయోజనము

ఒక క్రొత్త మందు గుండెజబ్బునకు పనిచేయునా, లేదా అని తేల్చుటకు ప్రభుత్వము ఎవరిని అడుగవలెను? ఆ జబ్బును గూర్చి బాగుగా తెలిసిన నిపుణునే గదా! కాని ఆ మందు తయారుచేయు కంపెనీ కూడ అతనిచేతనే పరిశోధన చేయించుచుండవచ్చును. దాని వాటాలు అతని ఇంట ఉండవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

ఇట్టివారిని ఉద్దేశించి అమెరికాలో 1962లో ఒక శాసనము చేసిరి. 365 దినములలో 130 దినములకు మించకుండ పనిచేయుటకు నియమింపబడిన వానిని అది 'ప్రత్యేక ప్రభుత్వోద్యోగి' అన్నది. జీతము పుచ్చుకొన్నను, లేకున్నను ఒకటే. తనకు ఆర్థికలాభము గల నిర్దిష్ట వ్యవహారములో అతడు ఉద్యోగిగా పాల్గొనుట నేరము. భార్యకు, మైనరు బిడ్డలకు, అతడు పనిచేయు సంస్థకు గల లాభము కూడ అతనిదిగానే లెక్క.

శాశ్వతోద్యోగి సాధారణముగా ఇతరుల పక్షమున ప్రభుత్వము నెదుట వాదింపరాదు. తాత్కాలికునికి ఈ కట్టును సడలించిరి. తాను పనిచేసిన వ్యవహారములలోనే అతనికి నిషేధము. 60 దినములు మించి పనిచేసినచో, తన శాఖలో నడచుచున్న ఇతర వ్యవహారములకు కూడ అది వర్తించును. ఈ సడలింపు లేనిచో కళాశాలాచార్యు డెవ్వడు ఈ పనికి వచ్చును?

సలహాసంఘ సభ్యులకు 1989లో మరియొక వెసులుబాటు చేర్చిరి. సభ్యుడు తన ఆస్తులను వెల్లడించిన పిమ్మట, అతని సేవ అవసరము స్వప్రయోజనభయము కంటె ఎక్కువయని నియామకాధికారి వ్రాసియిచ్చినచో అతడు పాల్గొనవచ్చును. త్రాసు అధికారి చేతిలోనిదే. అయినను ఆ పత్రమును ప్రజలలో ఎవరడిగినను ఇయ్యవలెను. చట్టరీత్యా గోప్యమైన వివరములను మాత్రము తొలగింపవచ్చును.