మబ్బులో దాచిన ఫొటోలు

అక్కలారా! మీరు తీసిన ఫొటోలు ఎక్కడ ఉంటాయి? కొన్ని ఫోనులో ఉంటాయి. కొన్ని క్లౌడులో ఉంటాయి. క్లౌడు అంటే మబ్బు. పేరుకే మబ్బు. నిజానికి అది ఎక్కడో కట్టిన పెద్ద భవనం. దాని నిండా కంప్యూటర్లు. మన ఫొటోలు ఇంటర్నెట్టు ద్వారా అక్కడికి చేరతాయి. ఫోను పోయినా ఫొటోలు మిగులుతాయి. అది మంచిదే.

కానీ ఆ భవనం మనది కాదు. వాళ్లు నియమం మార్చితే మనం ఒప్పుకోవాల్సిందే. గూగుల్ వాళ్లు మొదట ఎన్ని ఫొటోలైనా ఉచితం అన్నారు. 2021 జూన్ 1 నుంచి 15 జీబీ దాటితే డబ్బు కట్టమన్నారు.

భవనం కాలిపోతే? 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో అదే జరిగింది. డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్లు ఉన్న భవనంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల ఫైళ్లు పోయాయి. వాటికి వేరే చోట నకలు తీసి పెట్టలేదు. అంత పెద్ద సర్కారుకే ఆ గతి!

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క సంగతి వేరు. ఫోను నిండిందని కూతురి పెళ్లి ఫొటోలు చెరిపేసింది. క్లౌడులో ఉన్నాయిలే అనుకుంది. ఆమె వాడే యాప్‌లో ఒకచోట చెరిపితే రెండుచోట్లా పోతాయి. పాపం, చాలా రోజులు ఏడ్చింది. స్టూడియోలో ప్రింటు తీయించిన రెండు ఫొటోలే మిగిలాయి.

ఇంకో మాట. మీ ఖాతా ఎవరు తెరిచారు? ఫోను కొట్టు అబ్బాయేనా? పాస్‌వర్డు అతనికే తెలుసా? అయితే ఈ రోజే మార్చండి. కొత్తది మీ చేత్తోనే నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం పెట్టెలో దాచండి.