స్క్రూ బిగించే మిషన్ టకటకా ఎందుకు మోగుతుంది?

వడ్రంగి చేతిలో చిన్న మిషన్. స్క్రూ చెక్కలోకి సగం దాకా హాయిగా దిగుతుంది. ఆ తర్వాత టకటకా మోత! పాడైందా? కాదు, అసలు పని ఇప్పుడే మొదలైంది.

అది ఇంపాక్ట్ డ్రైవర్. లోపల స్ప్రింగుకు ఆనుకుని చిన్న సుత్తి, దాని ముందు దిమ్మె ఉంటాయి. స్క్రూ మొరాయించగానే సుత్తి వెనక్కి జారి, మళ్లీ ముందుకొచ్చి దిమ్మెను తిరిగే దిశలోనే కొడుతుంది. చాలా మిషన్లలో నిమిషానికి 3,000కు పైగా దెబ్బలు! అందుకే పొడవాటి స్క్రూ కూడా దిగిపోతుంది, పట్టుకున్నవారి మణికట్టు మాత్రం మెలితిరగదు. చెవులకే కాస్త కష్టం.

డ్రిల్లుకు ఈ దెబ్బల గోల లేదు, నిలకడగా తిరుగుతుంది. రంధ్రం శుభ్రంగా రావాలంటే అదే మేలు. స్క్రూలు బిగించే డ్రిల్లు మెడ దగ్గర అంకెల రింగు చూశారా? అది క్లచ్. బిగువు చాలనగానే కిర్రుమని జారిపోతుంది, స్విచ్‌బోర్డు ప్లాస్టిక్ పగలకుండా కాపాడుతుంది.

మరి కాంక్రీటు గోడకో? ముందుకు పోట్లు పొడిచే హ్యామర్ డ్రిల్లు కావాలి.

ఇంటికి ఒక్కటే కొనాలంటే నా ఓటు హ్యామర్ మోడ్ ఉన్న డ్రిల్లుకే. పెద్దవాళ్లు పక్కన లేకుండా మాత్రం ముట్టుకోకండి, కళ్లకు రక్షణ అద్దాలు మరవకండి.