ఊరి బడి సర్వర్‌కు ఇక్కడి నుంచే కాపలా

క్యాంపుల్లో నలుగురు కూడి, చందాలు వేసుకుని ఊరి బడికి కంప్యూటర్లు కొనివ్వడం మంచి పనే. కానీ రిబ్బన్ కత్తిరించిన ఏడాదికే ఆ గదికి తాళం పడితే? వైరస్ పట్టిందంటారు, బాగుచేసేవాడు లేడంటారు. అది మన ఓవర్‌టైం డబ్బు. కొనేముందే వాటిని ఎవరు చూసుకుంటారో తేల్చుకోవాలి.

నార్వేలో 2001లో స్కోలేలినక్స్ అని ఒకటి మొదలుపెట్టారు. బడిలో ఒక్కటే గట్టి కంప్యూటర్, అదే సర్వర్. మిగతావి పాతవైనా, హార్డ్ డిస్క్ లేకపోయినా దాని నుంచే నడుస్తాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సుకు రూపాయి కట్టక్కర్లేదు, పక్క ఊరి బడికి కాపీ చేసిచ్చినా నేరం కాదు. కేరళలో ప్రభుత్వ బళ్ళు ఏళ్ళుగా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే పాఠాలు చెబుతున్నాయి. మీ గదిలో మలయాళీ సోదరుడుంటే అడిగి చూడండి. సర్వర్‌లో కివిక్స్ పెడితే నెట్ లేనిరోజు కూడా పిల్లలు తెలుగు వికీపీడియా చదువుకోవచ్చు.

ఇక ఇక్కడి నుంచి చూసుకోవడం ఎలా? బడి నెట్‌కు సాధారణంగా స్థిరమైన అడ్రసు ఉండదు, బయటి నుంచి నేరుగా లోపలికి పోలేం. అందుకని సర్వరే, మనం నెల అద్దెకు తీసుకున్న ఇంకో మెషీన్‌కు కనెక్షన్ కలిపి ఉంచుతుంది. మనం ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆ దారిన వెళ్తాం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే బంకు బెడ్డు మీద కూర్చునే డిస్క్ నిండిందా, బ్యాకప్ అయిందా చూడొచ్చు. అన్నీ అక్షరాలే కాబట్టి డేటా పెద్దగా కాదు. ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం వద్దు, ఉద్యోగానికే ఎసరు. పాస్‌వర్డ్‌తో లాగిన్ ఆపేసి, తాళంచెవి ఫైలు వాడాలి. కనీసం ఇద్దరికి విడివిడిగా ఉండాలి. వీసా క్యాన్సిలై ఒకరు వెళ్ళిపోతే సర్వర్ అనాథ కాకూడదు.

కువైట్, సౌదీ, ఖతర్‌లో ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. శుక్రవారం మనకు సెలవు, ఊళ్ళో బడి ఉంటుంది. మనకు ఆరున్నర అంటే అక్కడ తొమ్మిది. సార్లతో ఫోన్‌లో మాట్లాడుతూ పని చూడొచ్చు. అప్‌డేట్లు మాత్రం బడి వదిలాకే.

ఎంత చేసినా ఊడిన ప్లగ్గును ఇక్కడి నుంచి పెట్టలేం. కరెంటు పోయి వస్తే మెషీన్ దానంతటదే ఆన్ అయ్యేలా బయాస్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది. బిగించిన రోజే అది పెట్టించండి. లేదంటే ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్ళి బటన్ నొక్కాలి. హెడ్మాస్టర్లకు బదిలీలవుతాయి. ఊళ్ళోనే ఉండే ఒక కుర్రాడికి, తొమ్మిదో తరగతి పిల్లలిద్దరికి ఏ తీగ ఎక్కడిదో చూపించి, గోడ మీద కాగితం అంటించాలి. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్ళకు చచ్చిపోతుంది. చందా వసూలు చేసేటప్పుడే దానికీ, అద్దె మెషీన్‌కూ విడిగా డబ్బు పక్కన పెట్టండి. దాతల పేర్ల పాలరాతి బోర్డు మానుకుంటే ఆ ఖర్చు కొంత అక్కడే కలిసొస్తుంది.