ఎర్రగా కాగిన ఇనపగుండు

పంపు స్టవ్వు వెలిగించిన చేతులకు ఈ ఇనపగుండు ఇంజను సగం తెలిసినట్టే. బర్నరు కింది గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి అంటించి, ముందు బర్నరును కాగనివ్వాలి. తొందరపడి పంపు కొడితే కిరసనాయిలు ద్రవంగానే చిమ్ముకొచ్చి ఇల్లంతా పొగ కమ్ముతుంది. బర్నరు బాగా కాగాక అదే కిరసనాయిలు లోపలే ఆవిరై నీలంగా మండుతుంది. ఇక స్పిరిట్‌తో పనిలేదు. మంటే తన బర్నరును కాచుకుంటుంది.

ఒకప్పుడు స్వీడన్, నార్వే, డెన్మార్క్ జాలర్ల పడవలు, ఇంగ్లండ్ కాలువల్లో సరుకు మోసిన సన్నటి పడవలు, జపాన్ తీరంలో తిరిగిన చిన్న ఓడలు నడిచింది ఈ కిటుకు మీదే. ఇంగ్లీషులో ఆ ఇంజను పేరు హాట్ బల్బ్ ఇంజను. బల్బంటే గాజు బల్బు కాదు, సిలిండర్ నెత్తిన బోర్లించిన బోలు ఇనపగుండు. జర్మన్లు దాన్ని కాగిన తల అన్నారు, జపాన్‌వాళ్లు కాల్చిన గుండు అన్నారు. అన్ని భాషలవాళ్లకూ మొదట కంటబడింది ఆ గుండే. ఈ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు, మాగ్నెటో లేదు, బ్యాటరీ లేదు. రెండు స్ట్రోకుల రకంలోనైతే సిలిండర్‌కు వాల్వులు కూడా లేవు. మరి నిప్పు ఎక్కడిది? కిందటిసారి మంట గుండు గోడల్లో దాచిపెట్టిన వేడే ఈసారి నిప్పు.

వీటిలో పేరుమోసినది స్టాక్‌హోమ్‌లోని బోలిండర్ కార్ఖానా ఇంజను. ప్రైమస్ పంపు స్టవ్వు పుట్టిన ఊరు కూడా అదే. ఈ ఇంజను గుండును కాచే బ్లో ల్యాంపు కూడా పంపు స్టవ్వుకు తోబుట్టువు లాంటిదే: అదే ట్యాంకు, అదే పంపు, అదే ముందుగా కాచే పద్ధతి.

పాత పడవలోంచి ఊడదీసిన ఇలాంటి ఇంజను ఇప్పుడు బాగుచేసేవాళ్ల దగ్గరికి వచ్చేటప్పటికి సాధారణంగా పిస్టన్ పట్టేసి ఉంటుంది. ఉప్పుగాలి, పొగగొట్టంలోంచి దిగిన వాననీళ్లు కలిసి రింగుల్ని సిలిండర్ గోడకు అతికించేస్తాయి. ఇక్కడ కావాల్సింది బలం కాదు, ఓపిక. సిలిండర్‌లో పలచటి నూనె పోసి రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నాననిస్తారు. బయటినుంచి మెల్లగా వేడి చేస్తారు. తర్వాత గట్టి చెక్కదిమ్మె పెట్టి దానిమీద కొడతారు. సుత్తి నేరుగా పిస్టన్‌కు తగలనివ్వరు. పోత ఇనుము వంగే రకం కాదు, పగిలే రకం. ఆ కాలపు ఇంజనుకు పిస్టన్ దుకాణంలో దొరకదు. అచ్చు చేయించి, పోత పోయించి, లేత్ మీద తిప్పించుకోవాలి.

గుండు పరీక్ష మరీ ముచ్చటైనది. వేడెక్కడం, చల్లారడం వేలసార్లు జరిగిన ఇనుముకు కంటికి ఆనని బీటలుంటాయి. గుండంతటికీ కిరసనాయిలు పట్టించి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పూస్తారు. బీట ఉంటే అందులో దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడిగీత గీస్తుంది. ఆ గీత కనబడితే గుండు కొత్తగా పోత పోయించాల్సిందే. బేరింగులో సందు ఎంతుందో చూడటానికి సీసం తీగ వాడతారు: షాఫ్టుకూ బేరింగు మూతకూ మధ్య తీగముక్క పెట్టి బోల్టులు బిగించి, మళ్లీ విప్పి, అణిగిన తీగ మందం కొలుస్తారు.

ఆ సందును అంతగా పట్టించుకోవడానికి కారణముంది. ఈ ఇంజనుకు ఊపిరితిత్తి, కింద షాఫ్టు తిరిగే పెట్టె అయిన క్రాంక్‌కేసే. పిస్టన్ పైకి పోతుంటే కింద క్రాంక్‌కేసులోకి గాలి చేరుతుంది. పిస్టన్ కిందికి దిగుతూ ఆ గాలిని నొక్కుతుంది. అడుగుకు వచ్చేసరికి సిలిండర్ గోడలోని ఒక కిటికీ తెరుచుకుని పొగ బయటికి పోతుంది, ఆ వెంటనే ఇంకో కిటికీలోంచి తాజా గాలి లోపలికి దూకుతుంది. షాఫ్టు పక్కనుంచి గాలి కారిపోతే ఊపిరి చాలదు, ఇంజను దగ్గుతూ ఆగిపోతుంది.

ఇక అంటించడం. బ్లో ల్యాంపు మంట గుండుకు తగిలేలా పెట్టి, అది మసక ఎరుపుకు వచ్చేదాకా పది పదిహేను నిమిషాలు కాస్తారు. తర్వాత మనిషి ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని పట్టుకుని, ఇంజను తిరగాల్సిన వైపుకు కాకుండా ఎదురువైపుకు ఊపుతాడు. లోపలి గాలి నొక్కుకుని స్ప్రింగులా తోసుకొచ్చే క్షణంలో చేతిపంపుతో చారెడు కాదు, చుక్కెడు నూనె కొడతాడు. అది కాగిన గుండుకు తగిలి భగ్గుమంటుంది. ఫ్లైవీల్ వెనక్కి విసురుగా తిరిగి కావాల్సిన వైపు పరుగెత్తుతుంది. ఆ క్షణంలో చెయ్యి అక్కడ ఉండకూడదు.

ఎదురుతన్నే ఆ గుణాన్నే బోలిండర్‌వాళ్లు పనిముట్టుగా మలచుకున్నారు. ఈ ఇంజను కథలో ఇంతకన్నా అందమైన ఘట్టం లేదు.

పడవకు బ్రేకుల్లేవు. రేవులో ఆగాలంటే ప్రొపెల్లర్ వెనక్కి తిరగాలి. కారులోలాగా రివర్సు గేర్లు పెట్టొచ్చు, కానీ అవి ఖరీదు, బరువు, ఇంకో రిపేరు. బోలిండర్ ఇంజను మాత్రం తానే వెనక్కి తిరుగుతుంది. లీవరు లాగగానే ముందు క్లచ్చి విడిపోయి ప్రొపెల్లర్ భారం పోతుంది, ఇంధనం ఆగుతుంది. ఇంజను నెమ్మదిస్తుంది, ఇక ఒకటి రెండు చుట్లలో ఆగిపోతుందనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు, పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతుండగానే, వేళకాని వేళ ఒక చుక్క ఇంధనం గుండులో పడుతుంది. ఫ్లైవీల్‌లో పిస్టన్‌ను శిఖరం దాటించే జోరు మిగల్లేదు. ఎదురుగా మంట. పిస్టన్ సగం దారిలోనే వెనుదిరుగుతుంది, దానితోపాటు ఫ్లైవీల్ కూడా. ఇంజను ఇప్పుడు ఎదురుదిశలో నడుస్తోంది. క్లచ్చి కలిపితే పడవ వెనక్కి జరుగుతుంది.

వాల్వుల ఇంజనులో ఇది ఇంత తేలిక కాదు. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో క్యామ్‌షాఫ్టు ఒకే దిశకు లెక్కగట్టి ఉంటుంది. గోడలో కిటికీలకు దిశతో పనేముంది? పిస్టన్ దిగితే తెరుచుకుంటాయి, ఎక్కితే మూసుకుంటాయి, షాఫ్టు ఎటు తిరిగినా ఒకటే. ఇంజనీర్లు తప్పుగా పేలడం అని భయపడే దాన్ని లొంగదీసి రోజువారీ పనికి పెట్టిన ఇలాంటి ఉదాహరణలు యంత్రాల చరిత్రలో అరుదు.

దీనికీ చిక్కులున్నాయి. బరువు ఎక్కువై గంటలకొద్దీ లాగితే గుండు మితిమీరి కాగి, ఇంధనం ముందే అంటుకుని ఇంజను టకటకా కొట్టుకుంటుంది. అప్పుడు లోపలికి వెళ్లే గాలిలో నీటిచుక్కలు వదలాలి. పనిలేక ఊరికే తిరుగుతుంటే గుండు చల్లారి ఇంజను ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ బ్లో ల్యాంపు వెలిగించాలి. బాగుచేసిన ఇంజనును నడపడానికి అందుకే చెవి కావాలి. ఏ మోత వింటే నీళ్లు తిప్పాలో, ఏ మోత వింటే దీపం అందుకోవాలో నడిపినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

ఈ గుండుకు మూలపురుషుడు ఇంగ్లండ్‌కు చెందిన హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్. కరిగిన తగరంలో కిరసనాయిలు ఒలికి, లేచిన ఆవిరి దీపానికి అంటుకోవడంతో ఆయనకు ఈ ఊహ వచ్చిందని చెబుతారు. 1890లో పేటెంటు తీసుకున్నాడు. గ్రాంథమ్ పట్టణంలోని హార్న్స్‌బీ కంపెనీ 1892లో ఆ ఇంజన్ల తయారీ మొదలుపెట్టింది. 1901లో మార్కోనీ అట్లాంటిక్ మీదుగా వైర్‌లెస్ సంకేతం పంపినప్పుడు ఇంగ్లండ్ తీరంలోని పోల్ధూ కేంద్రంలో కరెంటు పుట్టించింది హార్న్స్‌బీ అక్రాయిడ్ ఇంజనే.

రుడాల్ఫ్ డీజిల్ పేటెంటు ఆ తర్వాతిది. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించిన ఆయన ఇంజను ఇంధనపు వేడిలో 26.2 శాతాన్ని పనిగా మార్చింది. హాట్ బల్బు దరిదాపులకు రాలేని లెక్క అది. దాంతో ‘డీజిల్ ఇంజను’ పేరు అసలు ఎవరికి దక్కాలన్న తగవు మొదలైంది. ఇంగ్లండ్ ఇంజనీర్లు అక్రాయిడ్ పక్షం వహించారు. నిష్పక్షపాతంగా చూస్తే గాలిని అంతగా నొక్కి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండించడం డీజిల్ ఘనత. అక్రాయిడ్ ఇంజను గాలిని నొక్కేది చాలా తక్కువ. లోటును గుండు వేడి పూడ్చేది. అయితే డీజిల్ తొలి ఇంజను ఇంధనాన్ని లోపలికి ఊదడానికి విడిగా ఒక కంప్రెసర్‌ను మోయాల్సి వచ్చింది. ద్రవ ఇంధనాన్ని పంపుతోనే నేరుగా లోపలికి కొట్టడం అక్రాయిడ్ దారి. నేటి లారీ ఇంజనులో నొక్కుడు డీజిల్‌ది, గాలి సాయం లేని పంపు అక్రాయిడ్‌ది. పేరు మాత్రం ఒక్కరికే మిగిలింది.

తర్వాతి కథ త్వరగా సాగిపోయింది. ఇంగ్లండ్‌లో ఫెలోస్, మోర్టన్ అండ్ క్లేటన్ కంపెనీ 1912లో లిండా అనే కాలువ పడవకు 15 హార్స్‌పవర్ బోలిండర్ బిగించింది. బాయిలరూ బొగ్గూ తిన్న చోటు సరుకుకు మిగిలింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత తేలికపాటి డీజిల్ ఇంజన్లు వచ్చి గుండును రేవులోంచి సాగనంపాయి. అప్పటికి ముంక్‌టెల్‌తో కలిసి బోలిండర్ ముంక్‌టెల్ అయిన కంపెనీ 1950లో వోల్వో చేతికి పోయింది. ఇప్పుడు స్వీడన్‌లో నోర్‌తెల్యే పట్టణంలోని పిథాగొరస్ ఇంజన్ల కార్ఖానాయే మ్యూజియం.

హార్న్స్‌బీ 1918లో రస్టన్ ప్రాక్టర్‌తో కలిసి రస్టన్ అండ్ హార్న్స్‌బీ అయింది. రస్టన్ పేరు మన రైస్ మిల్లుల పాతకాపులకు కొత్తది కాదు. కరెంటు రాకముందు ఊళ్లలో మిల్లులు, బావి పంపులు ఆడింది ఆయిల్ ఇంజన్ల మీదే. మీ ఊరి పాత మిల్లు షెడ్డులో అలాంటిదొకటి పడి ఉంటే, తూకానికి అమ్మేముందు దాని నంబరు పలకను ఫోటో తీయండి. సిలిండర్‌లో గ్లాసెడు నూనె పోయండి. పొగగొట్టం మూతికి ఒక డబ్బా బోర్లించండి. వాననీళ్లు లోపలికి దిగకపోతే చాలు, పిస్టన్‌ను కదిలించే వీలు ఇంకా కొన్నేళ్లు మిగులుతుంది.